ఫ్లెక్సీ డిజైన్లకు పాత సిస్టమ్ అప్‌గ్రేడ్: 20 వేలలో ముందు ఏది మార్చాలి?

ఖమ్మం_డీటీపీ

అందరికీ నమస్కారం. ఇంటి దగ్గరే డీటీపీ చేస్తాను. పెళ్లికార్డులు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో 'అను' తెలుగు ఫాంట్స్‌తో, ఫ్లెక్సీలు ఫోటోషాప్‌లో. సిస్టమ్ 2015లో కొన్నది: ఐ5-4460, హెచ్81 బోర్డు, 4 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, 1 టీబీ హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డు లేదు, విండోస్ 10. కార్డుల పనికి ఇబ్బంది లేదు గానీ 10 బై 6 ఫ్లెక్సీ తెరిచి నాలుగు ఫోటోలు పెట్టేసరికి మౌస్ కూడా కదలదు, సేవ్ కొట్టి వంటింట్లోకి వెళ్లొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కస్టమర్ పక్కనే కూర్చుని "ఆ ఫోటో కొంచెం పెద్దది చేయండి" అంటుంటే టెన్షన్ వచ్చేస్తోంది. ఇక్కడి షాపతను జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు వేసుకుంటే సరిపోతుందంటున్నాడు, మా ఆయనేమో మొత్తం తీసేసి కొత్తది కొందామంటారు. 20 వేలు దాటి పెట్టలేను. ఏం చేయమంటారు?

పార్క్‌లేన్_టెక్

అక్కా, ఆ గ్రాఫిక్స్ కార్డు మాత్రం కొనకండి. జీటీ 730 చాలా పాతది, ఆ తరం కార్డులకు మామూలు డ్రైవర్ అప్‌డేట్లు 2021లోనే ఆగిపోయాయి. పైగా ఫోటోషాప్ గ్రాఫిక్స్ కార్డును జూమ్‌కీ, కొన్ని ఫిల్టర్లకీ వాడుకుంటుంది అంతే, మీ బాధ అక్కడ లేదు.

లెక్క చూడండి. 10 బై 6 అడుగులు అంటే 120 బై 72 అంగుళాలు. 100 డీపీఐలో (అంగుళానికి 100 చుక్కలు) పెడితే 12000 బై 7200 పిక్సెళ్లు, మొత్తం 8 కోట్ల 64 లక్షలు. సీఎంవైకేలో (ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి) ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే నిండుగా ఉన్న ఒక్క లేయరే దాదాపు 346 ఎంబీ. బ్యాక్‌గ్రౌండ్, నాయకుడి ఫోటో, కింద వరసగా చిన్న ఫోటోలు, వాటి షాడోలు, పైన అన్‌డూ హిస్టరీ... మీ 4 జీబీలో విండోస్ తినగా మిగిలింది ఏ మూలకి వస్తుంది? ర్యామ్ నిండగానే ఫోటోషాప్ హార్డ్ డిస్క్ మీద స్క్రాచ్ ఫైల్ (ర్యామ్‌లో పట్టనిది పెట్టుకునే తాత్కాలిక ఫైల్) రాయడం మొదలుపెడుతుంది, మౌస్ ఆగిపోయేది అప్పుడే. నమ్మకం లేకపోతే పెద్ద ఫ్లెక్సీ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్లో మెమరీ, డిస్క్ రెండూ వంద దగ్గర కొట్టుకుంటుంటే మీ సమస్య అదే.

కాబట్టి 8 జీబీ స్టిక్‌లు రెండు, ఒక 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగమైన డిస్క్). హెచ్81లో ర్యామ్ స్లాట్లు రెండే, గరిష్ఠం 16 జీబీ, అందుకే ఇప్పుడున్న 4 జీబీ స్టిక్ తీసేయాలి. ఇవి 20 వేలలోపే వచ్చేస్తాయి, మిగిలింది దాచుకోండి.

ఇంకో మాట, ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించే 8 జీబీ డీడీఆర్3 (మీ బోర్డుకు పట్టే పాతరకం ర్యామ్) స్టిక్‌లు కొన్నింటి మీద "ఏఎండీ బోర్డులకు మాత్రమే" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అవి మీ ఇంటెల్ బోర్డులో పనిచేయవు. షాపులో మీ సిస్టమ్‌కే పెట్టించి, ఆన్ అయ్యి 16 జీబీ చూపించాకే డబ్బులివ్వండి.

బెజవాడ_బిల్డ్స్

పై అన్న చెప్పిన లెక్క కరెక్టే గానీ నేను ఒప్పుకోని సంగతి ఒకటుంది. డీడీఆర్3 మీద పెట్టిన డబ్బు రేపు దేనికీ పనికిరాదు, కొత్త బోర్డుల్లో అది పట్టదు. విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లకి నమోదు చేసుకున్నా 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా సపోర్టు, మీది 4వ తరం. మీరు అదే సిస్టమ్‌లో బ్యాంకు పనులూ చేస్తుంటే అది చిన్న విషయం కాదు.

నేనైతే ఐ3-12100, డీడీఆర్4 తీసుకునే హెచ్610 బోర్డు, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (సాటా కంటే వేగమైన రకం) అంటాను. నాలుగు కోర్లే అయినా ఒక్కో కోర్ వేగం మీ పాతదానికంటే చాలా ఎక్కువ, ఫోటోషాప్‌లో చాలా పనులకు కావాల్సింది అదే. పేరు చివర ఎఫ్ ఉన్న 12100ఎఫ్ మాత్రం తీసుకోకండి, అందులో గ్రాఫిక్స్ ఉండదు, మానిటర్‌కి బొమ్మ రావాలంటే మళ్లీ కార్డు కొనాలి.

పార్క్‌లేన్_టెక్

బ్రదర్, 20 వేలలో అది సరిగ్గా కుదరదు. 2025 చివరి నుంచి ఏఐ సర్వర్ల గిరాకీతో ర్యామ్ ధరలు ఎలా లేచాయో చూస్తూనే ఉన్నాం. బడ్జెట్‌లో పట్టించాలని 8 జీబీతో సరిపెడితే ప్రాసెసర్ కొత్తదైనా అక్క మళ్లీ స్క్రాచ్ డిస్క్ దగ్గరికే వస్తుంది. ఎస్ఎస్‌డీ ఎలాగూ రేపటి సిస్టమ్‌లోకి వస్తుంది, పోయేది డీడీఆర్3 డబ్బులే. వాడిన ర్యామ్ సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) టెస్ట్ చేసి, నెలో రెండు నెలలో వారంటీ రాసిచ్చేవాళ్లు ఉన్నారు, దాంతో ఇంకా తగ్గుతుంది. విండోస్ సంగతి మాత్రం నువ్వన్నది నిజమే, బ్యాంకు పనులు ఫోన్‌లో చేసుకుంటే మేలు.

గుంటూరు_ప్రింట్స్

ఎస్ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై) గురించి ఎవరూ అడగలేదేంటి? క్యాబినెట్‌తో పాటు వచ్చిందా, విడిగా కొన్నారా? క్యాబినెట్‌తో వచ్చినదైతే పదేళ్లు దాటింది, మీద 450 వాట్స్ అని రాసి ఉన్నా అంత ఇస్తుందని నమ్మకం లేదు. ఎండాకాలం లోవోల్టేజీ, వానాకాలం కరెంటు పోవడం రావడం, ఇవన్నీ తట్టుకోవాల్సింది అదే. అది పోతూ పోతూ బోర్డునీ డిస్క్‌నీ తీసుకుపోతే కస్టమర్ ఫైళ్లన్నీ పోయినట్టే. మిగిలిన డబ్బుతో ఒక మంచి బ్రాంజ్ రేటింగ్ (కరెంటు తక్కువ వృథా చేసేది) 450 వాట్స్‌ది కొనండి, అదీ రేపటి సిస్టమ్‌కి పనికొస్తుంది.

ఇంకొకటి, ఫ్లెక్సీకి 300 డీపీఐ పెట్టకండి. పది అడుగులకి 36000 పిక్సెళ్లవుతుంది, మామూలు పీఎస్‌డీ (ఫోటోషాప్) ఫైల్ 30000 దాటి సేవ్ అవ్వదు. రోడ్డు మీద నిలబడి చూసేదానికి 72 చాలు, అప్పుడు లేయర్ 180 ఎంబీ లోపే.

ఖమ్మం_డీటీపీ

అన్నలూ, చాలా థాంక్స్. టాస్క్ మేనేజర్ చూశాను, అన్న చెప్పినట్టే డిస్క్ వంద దగ్గరే ఆగిపోయింది, ప్రాసెసర్ 30 కూడా దాటలేదు. ఎస్ఎంపీఎస్ క్యాబినెట్‌తో వచ్చిందే, అదీ మారుస్తాను. మా ఆయనకి లెక్క చూపిస్తే సరే అన్నారు. ఒక్కటే భయం, ఎస్ఎస్‌డీకి మార్చేటప్పుడు పేజ్‌మేకర్, అను మళ్లీ ఎక్కించాలా? ఆ సీడీలు దొరుకుతాయో లేదో.

పార్క్‌లేన్_టెక్

అక్కర్లేదక్కా, సీ డ్రైవ్‌ని ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేయించండి, మామూలుగా అన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. ముందు కస్టమర్ ఫైళ్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. బోర్డు మీద సాటా పోర్టులు రెండు రకాలు ఉంటాయి, ఎస్ఎస్‌డీ వైరు 6 జీబీ అని రాసి ఉన్నదానికే పెట్టించండి. తర్వాత ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌ని ఎస్ఎస్‌డీకి మార్చండి, పాత 1 టీబీలో అయిపోయిన జాబ్‌లు పెట్టుకోండి. అను కీబోర్డుతో ఒక పెళ్లికార్డు టైప్ చేసి చూసేదాకా పాత డిస్క్‌లోది ఏదీ చెరిపేయనివ్వకండి.