‘శోకం’ ఎక్కడ, ‘సంతాపం’ ఎక్కడ?

ప్రశ్న (నకిరేకల్):
మా ఊళ్లో అందరికీ కావలసిన ఒక పెద్దాయన కాలం చేశారు. కూడలిలో కట్టే ఫ్లెక్సీ మీద ‘ప్రగాఢ శోకం తెలుపుతున్నాము’ అని రాయాలని మా మిత్రుల్లో కొందరు, ‘ప్రగాఢ సంతాపం’ అని రాయాలని మరికొందరు అంటున్నారు. మా చిన్నమ్మ మాత్రం, ‘శోకం తెలుపుడేంది బిడ్డా, శోకం పెడ్తరు గని’ అన్నది. నిఘంటువు చూస్తే ఈ మాటలన్నీ ఒకదానికొకటి అర్థాలుగానే ఉన్నాయి. వాడుకలో తేడా ఏమిటో పెద్దలు వివరించగలరని మనవి.

జవాబు (దేవరకొండ):
మీ చిన్నమ్మ గారి మాటే సరైనది. మన దిక్కు పల్లెల్లో శోకమంటే మనసులోని బాధ ఒక్కటే కాదు, చెవికి వినబడే ఏడుపు కూడా. చనిపోయిన మనిషిని వరుస పెట్టి పిలుస్తూ, ఆ మనిషి చేసిన మేలునూ పడిన కష్టాన్నీ ఒక్కొక్కటిగా తలచుకుంటూ, ‘నన్నెవరికి అప్పజెప్పి పోతివే అవ్వా’ అని ప్రతి మాట చివరా రాగం తీసి ఏడవడాన్నే శోకం పెట్టడం అంటారు. పొరుగూరి నుంచి వచ్చిన ఆడబిడ్డ వాకిట్లోకి రాకముందే అందుకుంటుంది; లోపలున్న వాళ్లు ఎదురొచ్చి, ఆమె మెడ మీద పడి మళ్లీ మొదలుపెడతారు. అంతటి మాటను ‘తెలుపుతున్నాము’తో ముగిస్తే పొసగదు.

జవాబు (మహబూబ్‌నగర్, తెలుగు ఉపాధ్యాయుడు):
పుట్టుకలో రెండూ మంటకు సంబంధించినవే. ‘తప్’ ధాతువు నుంచి సంతాపం వచ్చింది. ‘శుచ్’ ధాతువు నుంచి వచ్చిన శోకంలోనూ తపించడం, మండడం అనే అర్థముంది. క్రౌంచపక్షి చావు చూసిన వాల్మీకి శోకమే శ్లోకమైందని రామాయణం బాలకాండ చెబుతుంది. కరుణరసానికి స్థాయిభావమూ, అంటే ఆ రసానికి మూలంగా నిలిచే భావమూ, శోకమే. అయితే నేటి రాతలో సంతాపం నలుగురూ కలిసి ప్రకటించేదిగా స్థిరపడింది కాబట్టే సంతాప సభ, సంతాప తీర్మానం అంటాము. మృతికి సంతాపం, కుటుంబ సభ్యులకు సానుభూతి అని విడదీసి రాయడం పత్రికల పద్ధతి, ఫ్లెక్సీకి అదే తగినది. ‘శోకతప్త హృదయాలతో’ అనే మాటను మాత్రం ఇంటివాళ్లు అచ్చు వేయించే దశదిన కర్మ పత్రికకు వదిలిపెట్టడం మర్యాద అని నా అభిప్రాయం.

జవాబు (మిర్యాలగూడ):
ఒక్క విషయం చేర్చాలి. ‘శోకాలు’ అని బహువచనంలో అన్నప్పుడు మాట బరువు మారిపోతుంది. ‘ఊకె శోకాలు పెట్టకు’ అనేది కసురుకునే మాట కనుక, ఆప్తులను పోగొట్టుకున్న వారి గురించి రాసేటప్పుడు ఆ రూపాన్ని వాడకూడదు. ‘దుఃఖం’ సంగతి వేరు. ‘యాదికొస్తే దుఃఖమొస్తది’ అని మన పెద్దవాళ్లు అన్నప్పుడు ఏడుపు పొంగుకొస్తుందని అర్థం. పలకరించడానికి వెళ్లినప్పుడు ‘దుఃఖపడకు బిడ్డా’ అంటారు గాని, ‘సంతాపపడకు’ అని ఎవరూ అనరు.