టోల్‌గేట్లు, రైళ్ల మీద పార్లమెంటులో ప్రశ్నలు: మనకు ఒరిగేదేమన్నా ఉందా?

నకిరేకల్ చౌరస్తా:
ఎంపీ ఎన్ని ప్రశ్నలు వేసిండు, ఎన్ని రోజులు సభకు పోయిండు అని ఫోన్లకు పట్టికలు వస్తున్నయి. మా గ్రూపులో దాని మీదనే లొల్లి. నేను సూటిగ అడుగుత. రోడ్ల మీద, రైళ్ల మీద ఎంపీ అడుగుతడు, ఢిల్లీలో మంత్రి జవాబు చెప్తడు. ఆ జవాబుతోని నల్లగొండకు గానీ పాలమూరుకు గానీ ఏమన్న పని అయిందా?

ఒక్క ఉదాహరణ చాలు. 2022 మార్చి 22న లోక్‌సభలో రోడ్ల మంత్రి గడ్కరీ గారు లేచి, 60 కిలోమీటర్ల లోపల ఒక్క టోల్‌గేటే ఉంటది, రెండోది ఉంటే మూడు నెలల్ల మూసేస్తం అన్నరు. టోల్‌గేటు పక్క ఊర్లోళ్లకు ఆధార్ చూసి పాసులు ఇస్తమన్నరు. టీవీల్ల అందరం చూసినం. ఆ మూడు నెలలు ఎన్నిసార్లు తిరిగిపోయినయో మీరే లెక్క గట్టుండ్రి. సభల చెప్పిన మాటకు, ఎలక్షన్ మీటింగుల చెప్పిన మాటకు తేడా లేదంట నేను. కాదనేటోళ్లు చెప్పుండ్రి.

డీసీఎం అన్న, చిట్యాల:
కాదనేదెవరు అన్నా. 2025 ఆగస్టు 15 సంది 3,000 రూపాయల ఫాస్టాగ్ పాసు పెట్టిండ్రు, ఏడాది లేకుంటె 200 ట్రిప్పులు. ఎవరికి? సొంతానికి వాడుకునే కారు, జీపు, వ్యానుకు. డీసీఎం లారీల కూరగాయలు, కోళ్లు ఏసుకొని పట్నం పోయేటోనికి ఏమున్నది అండ్ల? అడిగేటోళ్లు కార్లల్ల తిరిగేటోళ్లే, చెప్పేటోళ్లు కార్లల్ల తిరిగేటోళ్లే.

పాత గుమాస్తా, వనపర్తి:
చౌరస్తా గారూ, మీరు చెప్పిన మాట ప్రశ్నోత్తరాల సమయంలో వచ్చింది కాదు. రోడ్డు రవాణా శాఖ బడ్జెట్ పద్దుల మీద చర్చ జరిగాక మంత్రి ఇచ్చిన సమాధానంలోది. ఇది చిల్లర తేడా అనుకోకండి. చర్చకు జవాబిచ్చే మంత్రి గంటసేపు తనకు నచ్చిన వరుసలో మాట్లాడవచ్చు. ప్రశ్నకు జవాబు అలా కుదరదు. ఎంపీ 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, లాటరీలో పేరు రావాలి. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్. స్టార్డ్ ప్రశ్నకు మంత్రి లేచి నోటితో చెప్పాలి, అడిగిన సభ్యుడు అనుబంధ ప్రశ్నలు రెండు వేయవచ్చు. అసలు పరీక్ష అక్కడే. రాసుకొచ్చిన కాగితం అనుబంధ ప్రశ్నకు పనికిరాదు. అన్‌స్టార్డ్‌కు కాగితం మీద జవాబు వస్తుంది, అంతే.

ఇంకొకటి. సభలో మంత్రి ‘చేస్తాం’, ‘పరిశీలిస్తాం’, ‘సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం’ అంటే దాన్ని హామీల కమిటీ పట్టికలోకి ఎక్కించవచ్చు. మామూలుగా మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే శాఖ గడువు పెంచమని కమిటీని అడుక్కోవాలి. ఎలక్షన్ మీటింగులో మాటకు ఈ కమిటీ ఉందా?

నకిరేకల్ చౌరస్తా:
గడువు పెంచమని అడుగుడే పని అయితే ఆ కమిటీ ఉన్నా లేకున్నా ఒకటే గద సార్.

లా సెకండ్ ఇయర్:
అరవై కిలోమీటర్ల సంగతి చెప్తా. 2008 నాటి జాతీయ రహదారుల ఫీజు నిబంధనల్లోనే ఉంది: ఒకే రహదారి భాగంలో, ఒకే దిశలో 60 కిలోమీటర్లలోపు రెండో ప్లాజా పెట్టకూడదు. కానీ దాని కిందనే మినహాయింపు కూడా ఉంది. అవసరమనుకుంటే కారణాలు రాసిపెట్టి దగ్గర్లోనే పెట్టొచ్చు. వంతెన, బైపాస్, సొరంగం కోసమైతే ఎట్లాగూ పెట్టొచ్చు. అంటే మంత్రి సభలో సగం నిబంధన చదివారు, మిగతా సగం శాఖ దగ్గర ఉండిపోయింది. నిబంధన మార్చకుండా ఎన్ని మాటలు చెప్పినా గేట్లు కదలవు. ఎంపీ అడగాల్సింది ‘మూస్తారా లేదా’ అని కాదు, ‘ఆ రాసిపెట్టిన కారణాలేంటి, చూపించండి’ అని.

జడ్చర్ల జంక్షన్:
టోల్ మీదనే తిరుగుతున్నరు, రైళ్ల సంగతి ఎవలన్న మాట్లాడుతరా?

రైల్వే శాఖ జవాబులు చదివినోళ్లకు తెలుసు, అవి కొన్ని అచ్చు ముక్కలు. మన రాష్ట్రానికి ఎంత ఇచ్చిండ్రు అంటే: ప్రాజెక్టులు జోన్ల వారీగా మంజూరైతయి, రాష్ట్రాల వారీగా కాదు. ఎప్పుడు అయిపోతది అంటే: రాష్ట్రం భూమి సేకరించి ఇయ్యాలె, అటవీ అనుమతి రావాలె, అడ్డమున్న స్తంభాలు, పైపులు జరపాలె, ఆ చోట ఏడాదికి ఎన్ని నెలలు పని చేసే వాతావరణం ఉంటదో దాన్ని బట్టి. రైలు ఆపుతరా అంటే: నడపడానికి వీలుండాలె, ప్రయాణికులు ఉండాలె, ఇది నిరంతర ప్రక్రియ. పేరు మార్చి బీహారుకు ఇచ్చినా, పాలమూరుకు ఇచ్చినా అదే జవాబు.

అయినా సరే నేను వీటి దిక్కే. మునీరాబాద్–మహబూబ్‌నగర్ లైను చూడుండ్రి. 1997-98 బడ్జెట్‌ల మంజూరు, 246 కిలోమీటర్లు. మన దిక్కు దేవరకద్ర నుంచి ముక్కలు ముక్కలుగా పడుకుంట పోయి, జక్లేర్–కృష్ణా ముక్కను 2023 అక్టోబరు 1న ప్రధాని పాలమూరు వచ్చి జాతికి అంకితం చేసిండు. ఇన్నేండ్లు ఏ సంవత్సరం ఎంత డబ్బు పెట్టిండ్రు, ఎన్ని కిలోమీటర్లు పడ్డది అనేది మామూలు మనిషికి దొరికే జాగ ఆ జవాబులే. అవి లేకుంటె ‘పని నడుస్తున్నది’ అనే మాట తప్ప మన చేతిల ఏముంటుండె?

డీసీఎం అన్న, చిట్యాల:
పాతికేండ్లు దాటినంక వచ్చిన లైనును గెలుపు అంటున్నవా తమ్మీ? డబ్బు పెట్టలేదని ఏటేటా కాగితం మీద తెలుసుకునుడు కూడా ఒక లాభమేనా!

జడ్చర్ల జంక్షన్:
లాభమే అన్నా. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్, అంటే రెండో లైను, 85 కిలోమీటర్లు, 2015-16ల మంజూరు, 2023 ఏప్రిల్‌ల అంకితం. అదే 2023 ఆగస్టుల మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగ్‌కు, మీ దిక్కు బీబీనగర్–గుంటూరు డబ్లింగ్‌కు కేబినెట్ ఒప్పుకున్నది. ఒకటి ఎనిమిదేండ్లల్ల అయింది, ఒకటి మన దిక్కు ముక్కకే ఇరవై ఆరేండ్లు పట్టింది. ఎందుకు తేడా అని అడగాలంటె రెండింటి లెక్కా కావాలె గద. గద్వాల–మాచర్ల లైను పేరు మా తాతల కాలం నుంచి వింటున్నం, దాని మీద ‘సర్వే’ అనే మాటకు మించి జవాబు వస్తలేదంటే అది కూడా సమాచారమే. ఎవడన్న ఓట్లకు వచ్చి ‘రేపే లైను’ అంటే నమ్మకుండ ఉండొచ్చు.

అచ్చంపేట అక్క:
మా బాధ వేరే. శ్రీశైలం రోడ్డు జాతీయ రహదారే, 765. కానీ మన్ననూరు చెక్‌పోస్టు కాడ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు బంద్. అమ్రాబాద్ పులుల అడవి కాబట్టి. పులులు ఉండాలె, నేను కాదంట లేను. అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ అని చెప్తున్నరు. మీరంత గడ్కరీ, గడ్కరీ అంటున్నరు గానీ, ఈ రోడ్డు మీద రవాణా శాఖను అడిగితే అడవి శాఖ అనుమతి అంటది. అడవి శాఖను అడిగితే రోడ్డోళ్లు ప్రతిపాదన పంపాలె అంటది. ఎంపీ ఒక్క శాఖకే ప్రశ్న ఏసి ర్యాంకు తెచ్చుకుంటే మా పని కాదు. ఒకే వారంల ఇద్దరు మంత్రులనూ అడగాలె, రెండు జవాబులు పక్కపక్కన పెట్టాలె. అప్పుడు ఎవరి టేబుల్ మీద ఫైలు ఆగిందో తెలుస్తది.

సోమశిల బ్రిడ్జి సంగతి కూడ జెప్త. 2007 జనవరిల కృష్ణల పడవ మునిగి ఎంతమంది పోయిండ్రో కొల్లాపూర్ దిక్కు ఏ ఇంటికి పోయినా చెప్తరు. 2022 అక్టోబరుల తీగల వంతెనకు 1,082 కోట్లు మంజూరు, 30 నెలల్ల కడ్తం అన్నరు. యాడ అన్నరు? ట్విట్టర్‌ల. గుమాస్తా సారు చెప్పిన కమిటీ ట్విట్టర్ మాటలను పట్టికల రాస్తదా?

పాత గుమాస్తా, వనపర్తి:
రాయదమ్మా. సభలో, మంత్రి నోట వచ్చిందే రాస్తుంది. మీరు చెప్పిన పాయింటు ఈ చర్చలో అన్నిటికన్నా గట్టిది. ఈ రోజుల్లో ప్రకటనలన్నీ బయట జరుగుతున్నాయి, సభకు మిగిలేది ‘ప్రక్రియలో ఉంది’ అన్న ముక్క. కాబట్టి బయట చెప్పిన మాటను సభలోకి లాగడమే ఎంపీ పని. ‘ఫలానా తేదీన ప్రకటించిన వంతెన ఏ దశలో ఉంది, ఎప్పటికి పూర్తి’ అని అడిగి, మంత్రి చేత తేదీ రాయించుకోవాలి.

పాలమూరు బిడ్డ:
తేదీలు, కమిటీలు ఎందుకు సార్. 1956ల మన జడ్చర్ల–మహబూబ్‌నగర్ నడుమ వంతెన కూలి రైలు పడిపోతే లాల్ బహదూర్ శాస్త్రి మంత్రి పదవికి రాజీనామా ఇచ్చిండు. అదీ జవాబుదారీ అంటే. ఇప్పుడు ఎవరున్నరు అట్ల?

పాత గుమాస్తా, వనపర్తి:
1956 సెప్టెంబరు 2. వంద మందికి పైగా పోయారు. అప్పటికి మనం ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. కానీ కథ పూర్తిగా చెప్పాలి: శాస్త్రి గారు రాజీనామా ఇచ్చారు, నెహ్రూ తీసుకోలేదు. నవంబరులో తమిళనాడు అరియలూరు ప్రమాదం అయ్యాక మళ్లీ ఇచ్చారు, అప్పుడు ఆమోదించారు. మన ప్రమాదానికి రాజీనామా చేసి వెళ్లిపోయారని ఇక్కడ అందరూ అంటారు, అది సగమే. ఆయన మనసు గొప్పది. అయితే మంత్రి వెళ్లిపోతే వంతెనలు వాటంతట అవి గట్టిపడవు. నాకు రాజీనామా కన్నా వరసబెట్టి అడిగే సభ్యుడు ఎక్కువ. మన దగ్గర్నుంచి వెళ్లిన జైపాల్‌రెడ్డి గారు 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అయింది సభలో మాట్లాడే తీరు వల్లే గానీ, ప్రశ్నల లెక్క వల్ల కాదు.

నకిరేకల్ చౌరస్తా:
సరే, అడిగే తీరు అంటున్నరు గద. అయితే రాద్దాం. ఎవరన్న ముసాయిదా పెట్టుండ్రి, మాటలు చాలు.

లా సెకండ్ ఇయర్:
ఇదిగో. 150 మాటలు దాటొద్దు.
‘(అ) 65వ జాతీయ రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు ప్లాజాల మధ్య దూరమెంత, (ఆ) ఏ రెండింటి మధ్యనైనా 60 కిలోమీటర్లకు తక్కువ ఉంటే, 2008 నిబంధనల కింద రాసిపెట్టిన కారణాలేమిటి, ఏ తేదీన రాశారు, (ఇ) 2022 మార్చి 22న సభలో చెప్పిన మేరకు ఇప్పటివరకు మూసిన ప్లాజాల పేర్లు ఏమిటి?’
‘ప్రభుత్వానికి తెలుసా’ అని కావాలనే మొదలుపెట్టలేదు. అట్లా అడిగితే ‘లేదు సార్’ అని, మిగతా భాగాలకు ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

మిర్యాలగూడ మిల్లు:
దీంతోపాటు మా కోదాడ–జడ్చర్ల 167 సంగతి కూడా కలపండి. బియ్యం లారీలన్నీ దాని మీదనే.

లా సెకండ్ ఇయర్:
కలిపితే పల్చబడుతుంది సార్. దానికి వేరే ప్రశ్న రాద్దాం. ఊర్ల మధ్య ఆర్ అండ్ బీ రోడ్లు మాత్రం పెట్టకండి, అవి అసెంబ్లీలో అడగాల్సినవి, లోక్‌సభ తిప్పి పంపిస్తుంది.

పాత గుమాస్తా, వనపర్తి:
డీసీఎం గారూ, మీకూ ఇందులో ఒకటుంది. టోల్ ప్లాజా దగ్గర రేట్ల బోర్డు చదివారా? ప్లాజా ఉన్న జిల్లాలో రిజిస్టర్ అయిన కమర్షియల్ బండికి ఒక వరస ఉంటుంది, సగం రేటు. నేషనల్ పర్మిట్ బండ్లకు వర్తించదు.

డీసీఎం అన్న, చిట్యాల:
ఆ వరస చూసిన సార్. నాది టీఎస్ 05, నల్లగొండ. కొర్లపహాడ్ కేతేపల్లి మండలం, అది మా జిల్లానే. పంతంగి చౌటుప్పల్ దిక్కు, 2016ల జిల్లాలు పంచినప్పుడు యాదాద్రికి పోయింది, వాళ్లది టీఎస్ 30. జిల్లా పంచక ముందు రెండు గేట్లు మా జిల్లావే. మేము లోడు ఏసుకొని రోజు దాటేది పంతంగినే, పట్నం ఆ దిక్కే గద. అంటే మ్యాపు మారింది, మాకు సగం రేటు ఎగిరిపోయింది. దీని గురించి ఏ మంత్రి అన్న, ఏ ఎంపీ అన్న ఒక్క మాట అన్నడా?

లా సెకండ్ ఇయర్:
అన్నా, ఇది మొత్తం తెలంగాణ సమస్య. పది జిల్లాలు 33 అయినయి. ఇది (ఈ) భాగం అయితది: ‘రాష్ట్రాల్లో జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు రిజిస్టరైన స్థానిక కమర్షియల్ వాహనాలకు పాత జిల్లా హద్దుల ప్రకారం సగం ఫీజు వర్తింపజేస్తారా?’

నకిరేకల్ చౌరస్తా:
పంతంగి, కొర్లపహాడ్ రెండూ భువనగిరి పార్లమెంటు కిందికే వస్తయి. నల్లగొండ ఎంపీ ఆఫీసుకు ఒక్కదానికే ఇచ్చి ఊకోకుండ్రి.

పాత గుమాస్తా, వనపర్తి:
ఏ ఎంపీ అయినా అడగవచ్చు. లాటరీ కాబట్టి నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నలుగురికీ ఇవ్వండి. పార్టీ చూడకండి.

డీసీఎం అన్న, చిట్యాల:
భువనగిరిది నేను ఇస్త. జవాబు మీద నాకు ఆశ లేదు, ముందే చెప్తున్న. గానీ (ఈ) భాగం తీసి (అ) కాడ పెట్టుండ్రి. అది మొదలు అడగాలె.