2.1 లక్షల మైళ్ళు తిరిగిన వి8 పికప్: కామ్‌షాఫ్ట్‌తో పాటు ఇంకేం మార్చాలి?

ప్రశ్న

2008 పికప్, 5.3 లీటర్ల ఎల్ఎస్ (జీఎం ఇంజన్ రకం) వి8, 2 లక్షల 10 వేల మైళ్ళు. నాలుగు సిలిండర్లు ఆపేసే ఏఎఫ్ఎం ఉంది. 7వ సిలిండర్ మిస్ అవుతోంది, ఐడిల్‌లో టకటక మోత. రాకర్ కవర్ తీసి చూస్తే 7 ఇన్‌టేక్ రాకర్ (వాల్వ్‌ను నొక్కే చేయి) మిగతావాటిలో సగం కూడా లేవట్లేదు. ఏఎఫ్ఎం మొత్తం తీసేసి 0.550 అంగుళాల లిఫ్ట్ (వాల్వ్ తెరుచుకునే ఎత్తు) ఉన్న కామ్ (వాల్వ్‌లను తెరిపించే షాఫ్ట్) వేద్దామనుకుంటున్నా. కామ్, దాని మీద నడిచే 16 లిఫ్టర్లు, వాటిని పట్టి ఉంచే ట్రేలు, టైమింగ్ చైన్ ఇప్పటికే రాసుకున్నా. హెడ్లు దించకుండా పని అవుతుందా? ఇంకా ఏం మార్చకపోతే మళ్ళీ విప్పాల్సి వస్తుంది? వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ 22 పీఎస్ఐ.

జవాబు 1

హెడ్లు దించాల్సిందేనండి. ముందు నుంచి కామ్ లాగేటప్పుడు లిఫ్టర్లను రాడ్లతో పైకి ఆపే కిటుకు పాత లిఫ్టర్లే ఉంచుకునేవాళ్ళకు. లిఫ్టర్ పైకే వస్తుంది, పైన హెడ్ అడ్డం. ఏఎఫ్ఎం లిఫ్టర్లు 1, 4, 6, 7 సిలిండర్లలో ఉంటాయి. వాటితో పాటు వ్యాలీ కవర్ (రెండు సిలిండర్ వరసల మధ్య మూత) కూడా ఏఎఫ్ఎం లేని మామూలుది వేయాలి. కంప్యూటర్‌లో ఏఎఫ్ఎం ఆపి, కొత్త కామ్‌కు ట్యూన్ చేయించాలి.

హెడ్ గ్యాస్కెట్లు రెండు, పెద్ద హెడ్ బోల్టులు హెడ్‌కు 10 చొప్పున 20, అన్నీ కొత్తవి. ఇవి సాగే రకం, రెండోసారి పనికిరావు. బిగింపు 22 ఫుట్ పౌండ్లు, తర్వాత 90 డిగ్రీలు, ఆపైన 70. అంతకన్నా ముఖ్యం బోల్టు రంధ్రాలు. హెడ్ లేపగానే కూలెంట్ వాటిలోకి జారుతుంది. అలాగే బోల్టు తిప్పితే అడుగున నీళ్ళకు పోయే దారి లేక బ్లాక్ పగులుతుంది. సన్నని గొట్టంతో గాలి కొట్టి, గుడ్డతో తుడిచి, టార్చి వేసి అడుగు పొడిగా ఉందో లేదో చూడండి. హెడ్ ముఖం మీద రాపిడి చక్రం పెట్టొద్దు, ఆ గరుకు పొడి నేరుగా బేరింగుల్లోకి పోతుంది.

0.550కి మీ పాత వాల్వ్ స్ప్రింగులు సరిపోవు. కంపెనీ ట్రక్ స్ప్రింగులు 0.500 దగ్గరే ఆఖరు. కొత్తవి ఈ లిఫ్ట్‌కు హద్దులో కాకుండా, అంతకన్నా ఎక్కువ తట్టుకునేవి తీసుకోండి. పూర్తి లిఫ్ట్‌లో చుట్ల మధ్య కనీసం 0.060 అంగుళాల ఖాళీ మిగలాలి. 16 వాల్వ్ సీళ్ళు కూడా బల్ల మీదే మార్చేస్తే సరి.

జవాబు 2

ముందు వైపు సంగతి నేను చెప్తా. చైన్ మారుస్తూ పాత టెన్షనర్ (చైన్‌ను బిగుతుగా ఉంచేది) ఉంచేయకండి, ప్లాస్టిక్ అరిగి విరుగుతుంది. 2008 ఇంజన్‌కు కామ్ స్ప్రాకెట్‌లో (చైన్ తిప్పే పళ్ళ చక్రం) 4ఎక్స్, అంటే సెన్సర్ చదివే నాలుగు గుర్తులు ఉండాలి. పాత 1ఎక్స్‌ది వేస్తే కామ్ సెన్సర్ అర్థం చేసుకోదు, బండి సరిగా స్టార్ట్ కాదు.

ఆయిల్ పంపు మార్చండి, కానీ అసలు దెబ్బ కొట్టేది పికప్ గొట్టం (పాన్ నుంచి పంపుకు ఆయిల్ పీల్చేది) ఓ-రింగు. దాన్ని ఒకే బోల్టు పట్టుకుంటుంది. బోల్టుతో లాగి గొట్టాన్ని లోపలికి ఎక్కిస్తే ఏటవాలుగా దిగి ఓ-రింగు ఓ పక్క నలుగుతుంది. పంపు గాలి పీల్చి నురగ తోస్తుంది. కాబట్టి ఆయిల్ పూసి, చేత్తోనే నిటారుగా నొక్కి పూర్తిగా కూర్చోబెట్టి, ఆ తర్వాతే బోల్టు పెట్టండి.

క్రాంక్ పుల్లీ బోల్టు కూడా ఒక్కసారి వాడేదే. పుల్లీకి కీ లేదు, పట్టంతా బిగుతుదే. పాత బోల్టుతో 240 ఫుట్ పౌండ్లకు పుల్లీని కూర్చోబెట్టి, దాన్ని తీసి, కొత్తది 37కి, ఆపైన 140 డిగ్రీలు. మధ్యలో కొలత చూడండి: క్రాంక్ మూతి పుల్లీ అంచుకు 2.4 నుంచి 4.5 మి.మీ. లోపల ఉండాలి. ముందు కవర్ సీలు కొత్తది. కవర్ బోల్టులు వదులుగా ఉంచి, పుల్లీ ఎక్కించి సీలు మధ్యకు వచ్చాకే కవర్ బిగించండి.

జవాబు 3

వాళ్ళు చెప్పినవన్నీ సరే గానీ, సామాను ఆర్డర్ చేసేముందు ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. అయస్కాంతానికి అంటుకునే పొడి కామ్, రోలర్ల నుంచి. అంటని రాగి రంగు మెరుపు బేరింగులది. అది కనిపిస్తే ఈ జాబితా చాలదు, ఇంజన్ దించాలి. కామ్ బేరింగులు బండిలో ఉండగా మార్చడం కుదరదు.

మీ 22 పీఎస్ఐ మంచి అంకె. కంపెనీ కనీసం 1000 ఆర్‌పీఎం దగ్గర 6, 2000 దగ్గర 18, 4000 దగ్గర 24. అందుకే ఎక్కువ ఆయిల్ తోసే పంపు మాట ఎవరైనా ఎత్తితే వినకండి. అరిగిన బేరింగుకు ఆ పంపు ముసుగు మాత్రమే.

లిఫ్టర్లు తీశాక 7వ సిలిండర్ లిఫ్టర్ బోరులో గోరు ఆడించండి. రోలర్ పక్కకు తిరిగి ఉంటే నిలువు గీత పడుతుంది. గోరుకు తగిలేంత గీత ఉన్న బోరులో కొత్త లిఫ్టర్ వేయడం దండగ.

పుష్‌రాడ్లు (లిఫ్టర్ నుంచి రాకర్‌కు వెళ్ళే కడ్డీలు) 16 కొత్తవే, కానీ కొలిచాకే కొనండి. పాతవి 7.400 అంగుళాలు. కొత్త కామ్ బేస్ సర్కిల్ (లోబ్, అంటే కామ్ ఉబ్బు, లేని గుండ్రటి భాగం) చిన్నదైతే ఇంకా పొడవు కావాలి. పొడవు మార్చగలిగే కొలత రాడ్ పెట్టి, లోబ్ బేస్ సర్కిల్ మీద ఉండగా సందు సున్నా అయ్యే పొడవు పట్టుకోండి. దానికి లిఫ్టర్ ప్రిలోడ్ (లిఫ్టర్ లోపలి భాగాన్ని ముందే నొక్కి ఉంచే దూరం) కలపాలి, సాధారణంగా 0.040 నుంచి 0.080, తయారీదారు చెప్పిందే ఖాయం.

ప్రశ్న అడిగినవారు

ఫిల్టర్ కోశాను. అయస్కాంతానికి అంటుకునే పొడి కొంచెం, రాగి రంగు లేదు. రాకర్లు ఉంచేయొచ్చా? కొత్త కామ్‌ను 20 నిమిషాలు రేజ్‌లో ఉంచాలంటున్నారు కదా?

జవాబు 3

ఆ 20 నిమిషాలు చదునైన ట్యాపెట్ల ఇంజన్లకు. మీది రోలర్, అక్కర్లేదు. రాకర్లు ఉంచండి, ట్రనియన్లు (రాకర్ ఊగే ఇరుసులు) మాత్రం బుషింగు రకానికి మార్చండి. పాతవాటిలో సన్నని సూది బేరింగులు విడివిడిగా ఉంటాయి, స్ప్రింగు గట్టిదైతే ఒక్కొక్కటీ రాలి పాన్‌లో పడతాయి. రాకర్ బోల్టు 22 ఫుట్ పౌండ్లు, లిఫ్టర్ బేస్ సర్కిల్ మీద ఉన్నప్పుడే.

స్టార్ట్ చేసేముందు ఇంధన పంపు ఫ్యూజ్ తీసి, ఒక్కోసారి 10 సెకన్లు, మధ్యలో స్టార్టర్‌కు విరామమిస్తూ గేజ్ లేచేదాకా తిప్పండి. నాలుగైదు సార్లకూ సూది కదలకపోతే ఆపేసి ఓ-రింగు చూసుకోండి.