వేంగికీ పిష్టపురానికీ ఒకే సైన్యమా, వేరే సైన్యాలా?

కోటిపల్లి రేవు:
మేం చేస్తున్న స్ట్రాటజీ గేమ్ క్రీ.శ. 350 ప్రాంతంలో మొదలవుతుంది. సముద్రగుప్తుడు దక్షిణాదికి దిగివచ్చే కాలం. ఆయన విజయాలు చెప్పే అలహాబాదు స్తంభ శాసనంలో ఉన్న దక్షిణాపథ రాజుల్లో మన గోదావరి వైపు వాళ్లూ ఉన్నారు. పిష్టపురం (నేటి పిఠాపురం) రాజు, వేంగి (నేటి పెదవేగి) హస్తివర్మ. ఇద్దరినీ ఆడదగ్గ రాజ్యాలుగా పెట్టాం. గొడవంతా దళాల జాబితా దగ్గర వచ్చింది. ఒకే జాబితా పెట్టి జెండా రంగులు మారిస్తే చాలని మా టీమ్‌లో కొందరు, చెరొక ప్రత్యేక దళం ఉండాల్సిందేనని మిగతావాళ్లు. మీరేమంటారు?

భీమవరం బుల్లోడు:
వేరుగానే ఉండాలండి. జాబితా ఒకటే అయితే రెండో రాజ్యాన్ని ఎవరు ఆడతారు? పిష్టపురం కళింగ దారిలో ఉంది కాబట్టి దానికి ఏనుగులు ఎక్కువ ఇవ్వండి. వేంగికి పడవ మీద విలుకాళ్లు. మొదటి యుద్ధంలోనే ఆడేవాడికి తేడా తెలియాలి.

శాసనాల అరుగు:
బుల్లోడు గారూ, తేడా ఉండాలన్న మాట నాకూ సమ్మతమే. దాన్ని ఎక్కణ్ణుంచి తెస్తున్నామన్నదే నా పట్టింపు. అలహాబాదు శాసనం ఊరి పేరు, రాజు పేరు చెప్పి వదిలేసింది. వాళ్ల సైన్యం గురించి ఒక్క ముక్క లేదు. మనం పడవ విలుకాళ్లని కల్పించి వేంగి పేరు తగిలిస్తే, రేపు ఎనిమిదో తరగతి పిల్లాడు దాన్నే చరిత్ర అనుకుంటాడు.

ఏనుగుల సంగతి చూద్దాం. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రులకు లక్ష మంది కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రాశాడు. కళింగులకు 60,000 కాల్బలం, 1,000 గుర్రాలు, 700 ఏనుగులు. ఆ అంకెలను అలాగే నమ్మమని అనను, అవి దూరాన విని రాసినవి. కానీ నిష్పత్తి చూడండి. వంద మంది బంట్లకు ఆంధ్రుల వైపు ఒక ఏనుగు, కళింగుల వైపు ఒకటికి కాస్త ఎక్కువ. ఆ కాస్త తేడా మీద ఒక రాజ్యం స్వభావం మొత్తం నిలబెడతామా? గుర్రాలైతే ఇద్దరికీ తక్కువే. కౌటిల్యుడి అర్థశాస్త్రం మేలైన ఏనుగులు కళింగ, అంగ దేశాలవని, మేలైన గుర్రాలు కాంభోజ, సింధు దేశాలవని చెబుతుంది. మన తీరానికి మంచి గుర్రం రావాలంటే కొనుక్కోవాల్సిందే. కాబట్టి ఆశ్విక దళం ఖరీదుగా, కొద్దిగా ఉండాలి.

అసలు తేడా నేలలో ఉంది. అదే అర్థశాస్త్రం పల్లపు నేలలో పోరాడేవాళ్లను, మెట్ట నేలలో పోరాడేవాళ్లను విడిగా లెక్కేస్తుంది. మెట్టకీ పల్లానికీ తేడా గోదావరి జిల్లాల వాడికి ఒకరు చెప్పాలా? పైగా పెదవేగి గానీ పిఠాపురం గానీ మెట్ట అంచున కూర్చుని పల్లం వైపు చూసే ఊళ్లే. కనుక జాబితాను రాజుకి కాకుండా ఊరికి కట్టండి. లంకల్లో మనుషుల్ని చేర్చుకుంటే దోనెలు నడుపుతూ, పాయలు దాటి కొట్టేవాళ్లు రావాలి. మెట్టలో చేర్చుకుంటే డాలు, కత్తి పట్టి బారులు తీరేవాళ్లు. తూర్పు కనుమల వైపైతే అటవీబలం, అంటే అడవి జనాల దళం. కొల్లేరు వేంగి చేతిలో, కొండల దారి పిష్టపురం చేతిలో పెడితే తేడా దానంతటదే వస్తుంది.

లంక కుర్రాడు:
నాకు నచ్చింది ఆయ్. కానీ పల్లంలో ఏనుగులు అసలు దిగకూడదని రూల్ పెట్టాలి. బాడవ నేలలో మనిషే మోకాలి దాకా దిగబడతాడు.

శాసనాల అరుగు:
పూర్తిగా నిషేధించకు తమ్ముడూ. 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి అనే కవి చాళుక్య రాజు రెండో పులకేశి విజయాలు వర్ణిస్తూ, పిష్టపురం కోట పడిన వెంటనే కొల్లేటి యుద్ధం చెప్పాడు. నీళ్లు నెత్తుటితో ఎర్రబడ్డాయట, మధ్యలోని నేల యుద్ధానికి సిద్ధం చేసిన ఏనుగులతో నిండిపోయిందట. అది కావ్యం, మన కాలానికి దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాతది, నిజమే. అయినా కొల్లేట్లో ఏనుగులు నిలబడ్డాయని రాసిన శాసనం ఉండగా మనం వద్దనడం బాగోదు. నడక నెమ్మది చెయ్యి, బురదలో తొందరగా అలసిపోయేలా చెయ్యి, చాలు.

భీమవరం బుల్లోడు:
నా అసలు అభ్యంతరం అలాగే ఉందండి. ఊరికి కడితే, నేను కొల్లేరు గెలుచుకున్న మరుక్షణం వేంగి దళాలన్నీ నావే. ఆట సగానికి వచ్చేసరికి అందరి సైన్యం ఒకేలా తయారవుతుంది. ఇంతకుముందు ఆడిన గేముల్లో విసుగొచ్చి వదిలేసింది సరిగ్గా అక్కడే.

పిఠాపురం పెద్దబాబు:
బుల్లోడు చెప్పింది బలమైన మాట. దీనికి మందు కూడా అర్థశాస్త్రంలోనే దొరుకుతుంది. అందులో బలాలు ఆరు రకాలు: మౌలం (తరాలుగా ఉన్న సొంత బలం), భృతం (జీతానికి పెట్టుకున్నది), శ్రేణి (వృత్తి సంఘాలది), మిత్రం (స్నేహితుడిది), అమిత్రం (శత్రువు వైపు నుంచి వచ్చినది), అటవి (అడవి జనాలది). ముందు చెప్పినది వెనక చెప్పినదాని కన్నా నమ్మదగ్గది. తరాలుగా రాజుని నమ్ముకున్న మౌలబలం సొంత రాజధానిలో మాత్రమే దొరకాలి. కొత్తగా గెలిచిన ఊళ్లో చేర్చుకున్నవాళ్లు చాలాకాలం అమిత్రబలం కింద లెక్క, గట్టి దెబ్బ తగిలితే ముందు పారిపోయేది వాళ్లే. కొల్లేరు గెలిచినా కొల్లేటి మనుషులు వెంటనే నీ వాళ్లు కారు కదా.

ఇంకో మాట. మీ ట్రైలర్‌లో కోనసీమ నిండా కాలువలు కనిపించాయి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, కాలువలు దానితో వచ్చినవి. వాటిని తీసేసి పాయలు, మడ అడవులు, లంకలు వెయ్యండి. శ్రావణ భాద్రపదాల్లో వరద వస్తే రేవులు మూసుకుపోవాలి. ఆ రెండు నెలలు దోనెలున్నవాడే కదలగలగాలి. నా దృష్టిలో ఏ ప్రత్యేక దళం కన్నా ఆటను ఎక్కువ మార్చేది ఇదే.

భీమవరం బుల్లోడు:
వరద సంగతి ఒప్పుకున్నానండి. మౌలబలం కూడా బాగుంది. కానీ ఆ మౌలబలమైనా వేంగిలో ఒకలా, పిష్టపురంలో ఒకలా కనిపించాలి. దాని మీద నేను తగ్గను.

కోటిపల్లి రేవు:
కాలువలు ఈ రోజే తీసేస్తున్నాం. దళాలు ఊళ్లకి కట్టి, మౌలబలం రాజధానులకే పరిమితం చేసి ఒక టెస్ట్ బిల్డ్ పెడతాం. పిష్టపురం, వేంగి మౌలబలాలకు డాలు, వేషం అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చూసి గీయిస్తాం, అంకెలు మాత్రం ఒకటే. బుల్లోడు గారూ, వేంగి మీరు తీసుకుని వరద నెలల్లో పిష్టపురం మీదికి వెళ్లి చూడండి. అప్పటికీ రెండూ ఒకేలా అనిపిస్తే ప్రత్యేక దళం మాట మళ్లీ ఎత్తుదాం.