అన్నిటికి తాళుకొనునా, అన్నిటిని తాళుకొనునా?

పాతకాగితం:

సభ్యులందరికీ నమస్కారం. బైబిలులో పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో ప్రేమను గురించి ఉన్న ఒక వాక్యం కొన్ని వారాలుగా నన్ను వదలడం లేదు. మా అమ్మ దానిని "అన్నిటిని తాళుకొనును, అన్నిటిని నమ్మును, అన్నిటిని నిరీక్షించును, అన్నిటిని ఓర్చును" అని చెప్పేది. బట్టలు మడతపెడుతూనో, మాలో ఎవరికో జడ అల్లుతూనో, నాలుగుసార్లూ "అన్నిటిని" అనే ఒకే తూగుతో చెప్పేది. ఆమె పోయాక ఆమె బైబిలు నాకు వచ్చింది. ఆ పుటను ఎన్నిసార్లు తెరిచిందో గాని, ఏడవ వచనం మీదుగా పడిన మడత నలిగి నలిగి, మొదటి "అన్నిటి" తరువాతి అక్షరం పూర్తిగా చెరిగిపోయింది. వేరొక ప్రతి తీసి చూస్తే అక్కడ "అన్నిటికి తాళుకొనును" అని ఉన్నది. తక్కిన మూడు చోట్లా "అన్నిటిని" అనే ఉన్నది. మా అబ్బాయి పెండ్లిలో ఈ వాక్యభాగాన్ని నన్ను చదవమన్నారు. ఆ ఒక్క "కి" అచ్చుతప్పా, లేక అనువాదకులు తెలిసి పెట్టినదా? తెలిసి పెట్టినదైతే అర్థంలో తేడా ఏమిటి?

విభక్తి:

అచ్చుతప్పు కాదండీ. నా దగ్గరున్న మూడు ముద్రణల్లోనూ "అన్నిటికి" అనే ఉన్నది. నమ్ము, నిరీక్షించు, ఓర్చు అనే మూడు క్రియలకూ ద్వితీయ సహజంగా కుదురుతుంది. "తాళు" తీరు వేరు. ఎండకు తాళలేకపోయాడు, బాధకు తాళలేకపోయింది అంటాము. ఎండ, బాధ మనం చేసే పనికి కర్మలు కావు. అవి మన మీదికి వచ్చి పడేవి. అందుచేతనే ఇక్కడ చతుర్థి వచ్చింది. మీ అమ్మగారు తక్కిన మూడింటి తూగుకు అలవాటుపడి మొదటిదానిని కూడా అదే అచ్చులో పోసుకొని ఉంటారు. కంఠస్థమైన వాక్యాలకు ఇది తరచుగా జరుగుతుంది.

నిఘంటుప్రియుడు:

విభక్తి గారి ఉదాహరణలు సరైనవే గాని, కి, కు అనేవి మన సంప్రదాయ వ్యాకరణంలో షష్ఠీ ప్రత్యయాలు. చతుర్థికి ఉన్నవి కొఱకు, కై. ఇక అమ్మగారి "ని"ని తప్పనడానికి కూడా నాకు మనసొప్పడం లేదు. "ఆకలి తాళలేక", "విరహము తాళలేను" అనే ప్రయోగాల్లో ప్రత్యయం లోపించినా ఉన్నది ద్వితీయార్థమే. కాబట్టి ఆమె చెప్పినదీ తెలుగే.

నన్ను ఆపుతున్నది విభక్తి కాదు, ధాతువు. "తాళు" అంటే ఓర్చుకొనడం అనీ, ఆగడం అనీ రెండర్థాలు ఉన్నాయి. "తాళుము" అంటే ఆగుము అని. ఒకే వచనం "తాళుకొనును" అని మొదలై "ఓర్చును" అని ముగిసింది. నాలుగవ వచనంలో అంతకు ముందే "దీర్ఘకాలము సహించును" అని వచ్చింది. ఈ మూడింటికీ ఒకటే అర్థమైతే పునరుక్తి దోషం తప్పదు. అందుచేత ఇక్కడ తాళుకొనడమంటే ఆగడమే అని నా నమ్మకం. కోపం పెదవి దాకా వచ్చినప్పుడు మాట జారకుండా ఒక్క క్షణం తనను తాను నిలుపుకొనడం. ధాతువు చివర చేరిన "కొను" కూడా అందుకే వచ్చింది. ఇంటిలో సగం కలహాలు ఆ ఒక్క క్షణం ఆగకపోవడం వల్ల పుట్టినవే.

మూలపాఠి:

ఆగడం అనే అర్థం చెప్పుకొంటే అదే వచనంలోని "నిరీక్షించును"తో మరొక పునరుక్తి వస్తుంది కాబట్టి, మూలం చూడకుండా ఈ ముడి విడదు. గ్రీకులో ఆ మూడూ మూడు వేరు వేరు మాటలు. "దీర్ఘకాలము సహించును" అన్నచోట ఉన్న మాటకు కోపం రావడానికి చాలా కాలం పట్టడమని అర్థం. "ఓర్చును" అన్నచోట ఉన్నది బరువు కింద కదలక నిలిచి ఉండడం. "తాళుకొనును" అన్నచోట ఉన్నది "స్తెగో" అనే ధాతువు. అది కొత్త నిబంధన మొత్తంలో నాలుగే చోట్ల వస్తుంది, ఆ నాలుగూ పౌలు పత్రికల్లోనివే. ఇదే పత్రిక 9వ అధ్యాయం 12వ వచనంలో మనవారు దానిని "అన్నిటిని సహించుచున్నాము" అన్నారు. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో రెండుసార్లు "సహింపజాలక" అన్నారు. 13వ అధ్యాయంలో మాత్రమే "తాళుకొనును" అన్నారు.

ఆ ధాతువుకు దగ్గరి చుట్టం "స్తెగే" అనే నామం. దానికి ఇంటి కప్పు అని అర్థం. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవానిని యేసు ముందుకు దించడానికి విప్పిన ఇంటి కప్పుకు ఉన్నది ఈ మాటే. కాబట్టి మన అనువాదకులు "అన్నిటిని కప్పును" అని ఉంటే ఎంతో బాగుండేది. ఇంటి పైన ఉండేదానికీ, కప్పడమనే పనికీ తెలుగులో ఒకటే మాట. మూలంలోని పోలిక చెక్కుచెదరకుండా దిగివచ్చేది. పేతురు మొదటి పత్రికలో "ప్రేమ అనేక పాపములను కప్పును" అనీ, సామెతల గ్రంథంలో "ప్రేమ దోషములన్నిటిని కప్పును" అనీ ఉండనే ఉన్నాయి. భార్యాభర్తల నడుమ ఉదయం వచ్చిన మాటపట్టింపు మధ్యాహ్నానికల్లా ఫోనులో స్టేటస్‌గా మారి బంధువులందరి కంటా పడుతున్న ఈ రోజుల్లో, ఒకరి లోపాన్ని ఒకరు కప్పడం కంటే అవసరమైన ప్రేమ ఏమున్నది?

సంఘసేవకురాలు:

అయ్యా, మీ పాండిత్యానికి నమస్కరిస్తూనే చెబుతున్నాను, "కప్పును" అనే మాట చూసి నాకు భయం వేసింది. సంఘంలో కుటుంబాల మధ్య సయోధ్య కుదిర్చే పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఒకసారి ఒక అమ్మాయి నా ఎదుట కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ ఎడమచేతి జాకెట్టును మణికట్టు వైపు లాక్కుంటూనే ఉన్నది. నేను అడగకముందే ఆమె "అన్నిటికి తాళుకొనాలి కదమ్మా" అన్నది. ఆ వాక్యం ఆమెకు నేర్పినవారు ఆమె మంచి కోరే పెద్దలే. కప్పవలసినది భర్త కోపమనీ, దానిని కప్పవలసింది ఆమె చేతులతోననీ ఆ పిల్లకు ఎలా అర్థమైందో, ఆ వాక్యాన్ని మనం ఏ గొంతుతో చదివి ఉంటే అలా అర్థమైందో మీరంతా ఆలోచించాలని నా మనవి.

పౌలు ఈ మాటలు కొత్త కోడళ్ల కోసం వ్రాయలేదు. వరముల విషయంలో ఒకరి మీద ఒకరు అతిశయపడుతున్న ఒక సంఘమంతటికీ వ్రాశాడు. ఏడవ వచనానికి ముందు ఆరవ వచనం ఉన్నది: "దుర్నీతివిషయమై సంతోషపడక సత్యమునందు సంతోషించును." ఇదే పత్రిక 5వ అధ్యాయంలో, అందరూ తెలిసి ఊరకున్న ఒక తప్పును పేరుపెట్టి బయటికి లాగినవాడు పౌలే. కప్పడం వేరు, కప్పిపుచ్చడం వేరు. తెలుగువాడికి ఆ తేడా ఒకరు చెప్పనక్కరలేదు గాని, పెండ్లిపందిట్లో వాక్యం చదివేటప్పుడు మాత్రం మరచిపోతాము.

మూలపాఠి:

అమ్మా, మీ మాట మన్నిస్తున్నాను. నేను చెప్పవలసిన ఒక సంగతి చెప్పలేదు కూడా. పేతురు వాడినది వేరే ధాతువు. దానికి తెర వేసినట్లు మరుగుపరచడమనే అర్థం. పౌలు మాటకు కప్పు పోలిక ఉన్నది గాని, దానిలో మరుగుపరచడం కంటే అడ్డుగా నిలవడం ఎక్కువ. ఇంగ్లీషులో పాత అనువాదాలు "భరించును" అనే అర్థం చెప్పగా, కొత్తవాటిలో కొన్ని "కాపాడును" అనే అర్థం చెప్పాయి. తమిళ బైబిలులో ఇక్కడ "తాంగుం" అని ఉన్నది. ఆ మాటలో మోయడమూ, పడిపోకుండా పట్టుకొనడమూ రెండూ ఉన్నాయి.

జాషువా అభిమాని:

ఇంతసేపూ ఓర్పు గురించి మాట్లాడుకొంటూ జాషువాను ఎవరూ తలవకపోవడం నాకు వెలితిగా ఉన్నది. క్రీస్తు చరిత్రను కావ్యంగా వ్రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆ కవి, అంతకు ముందే 1941లో వచ్చిన గబ్బిలంలో ఓర్పుకు నాకు తెలిసిన అత్యుత్తమ వ్యాఖ్యానం చేశాడు. అందులోని పేదవాడు ఆకలికీ అవమానానికీ తాళుకొన్నవాడే, కాని నోరు మూసుకొన్నవాడు కాడు. గుడిలోనికి తనకు ప్రవేశం లేదు గనుక, గుడిలో వ్రేలాడగల గబ్బిలాన్ని పిలిచి, దాని ద్వారా శివునికి తన మొర పంపుకొన్నాడు. మేఘం చేత ప్రియురాలికి సందేశం పంపే యక్షుని చదువుకొన్న మనకు, ఆ గబ్బిలాన్ని పంపినవాడి తాలిమి ఎంతటిదో ఇంకా పూర్తిగా అందలేదని అనిపిస్తుంది. తాళుకొనడంలో మొరపెట్టుకొనడం కూడా ఉన్నదని చెప్పడానికి నాకు ఆ కావ్యమొక్కటి చాలు. ప్రస్తుత ప్రశ్నకు దూరం వచ్చానంటే మన్నించండి. సేవకురాలు గారు చెప్పిన అమ్మాయి కూడా ఆ రోజు తన మొరను ఎవరో ఒకరి చేత పంపడానికే వచ్చి కూర్చున్నది కదా.

నిఘంటుప్రియుడు:

జాషువా సంగతి ఒప్పుకొంటాను. తాలిమి అనే మాట ఎత్తారు గనుక, దానిని లకారంతో వ్రాయాలా ళకారంతో వ్రాయాలా అన్నది మరొక చర్చ. "తాళు" నుంచి వచ్చినదైతే ళకారమే న్యాయం.

పందిరి:

తాళుకొను, తాళిబొట్టు రెంటికీ సంబంధం ఉన్నదని మా ఇంటి పెద్దలు అనేవారు. పెండ్లినాడు ఈ వచనం చదివే ఆచారం అందుకే అంత సహజంగా కుదిరిందేమో.

విభక్తి:

అది శబ్దసామ్యమేనండీ. ఒకటి నామం, మరొకటి క్రియ. నడుమ వంతెన చూపలేము.

ఇక అసలు అక్షరం దగ్గరకు వస్తాను. చతుర్థి అన్న నా పొరపాటును నిఘంటుప్రియులు దిద్దారు, కృతజ్ఞుణ్ణి. కాని మూలపాఠి గారు చెప్పిన ఇంటి కప్పు విన్నప్పటి నుంచి ఆ "కి" నాకు కొత్తగా వినిపిస్తున్నది. మనం తాళు అనే మాటను మనుషులకు మాత్రమే కాదు, వస్తువులకూ వాడతాము. "ఈ తాడు అంత బరువుకు తాళదు" అంటాము. "ఈ గోడ ఇంకొక వానకు తాళదు", "ఈ కప్పు గాలివానకు తాళుతుందా" అంటాము. అన్నిచోట్లా కి, కు లే. ఒక్కచోట కూడా "ని" నోటికి రాదు. "గాలివానను తాళిన కప్పు" అని ఏ తెలుగువాడూ అనడు. కాబట్టి "అన్నిటికి తాళుకొనును" అన్న అనువాదకులు గ్రీకులోని కప్పును పోగొట్టలేదు, ఆ ఒక్క "కి"లో దానిని భద్రంగా దాచి పెట్టారు. "అన్నిటిని కప్పును" అని ఉంటే లోపలి తప్పులన్నీ దాని కిందికి వచ్చి చేరేవి. "అన్నిటికి తాళుకొనును" అన్నప్పుడు అన్నీ బయటి నుంచి, పై నుంచి వచ్చి పడేవి అవుతున్నాయి. లోపల ఉన్నవారు తడవకుండా ఉంటారు. వానకు తాళే కప్పు వానను భరిస్తుంది గాని లోపలికి రానివ్వదు. సేవకురాలు గారి ఎదుట కూర్చున్న అమ్మాయి విషయంలో కప్పు కావలసినవారు ఆ పెద్దలు.

సంఘసేవకురాలు:

మాస్టారూ, ఈ మాట నాకు కొన్నేళ్ల క్రితమే దొరికి ఉంటే బాగుండేది. ఒక్క సందేహం. కప్పు ఒక్కటే ఇల్లు కాదు కదా. దంపతులిద్దరిలో ఎవరు కప్పు, ఎవరు లోపలివారు అన్నది ఆ "కి" చెప్పదు.

విభక్తి:

చెప్పదండీ. ఆ వాక్యానికి కర్త ప్రేమ. భర్తా కాదు, భార్యా కాదు.

నిఘంటుప్రియుడు:

కప్పు పోలిక అందంగానే ఉన్నది గాని, అది "తాళు"కు చెల్లుతుంది. వచనంలో ఉన్నది "తాళుకొనును". కప్పు వానకు తాళుతుంది, తాళుకొనదు. ప్రాణం లేనిదానికి ఆ "కొను" పట్టదు. దానికి విభక్తి గారి సమాధానం వినాలని ఉన్నది.

పాతకాగితం:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మా అక్కతో మాట్లాడుతూ ఈ చర్చ అంతా చదివి వినిపించాను. అమ్మ ఎప్పుడూ "అన్నిటిని" అనలేదనీ, నేను చిన్నదానిని గనుక నాకు అలా గుర్తుండి ఉంటుందనీ అక్క గట్టిగా చెప్పింది. నాన్నగారికి కోపం వచ్చి కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయిన రోజుల్లో, ఆ కంచం మీద మూత పెడుతూ అమ్మ ఈ వచనం చెప్పుకొనేదట. అప్పుడు ఆమె అన్నది "అన్నిటికి" కూడా కాదట, చివర దీర్ఘం తీసి "అన్నిటికీ" అనేదట. ఆ దీర్ఘం అచ్చులో లేదు. పెండ్లిలో నేను దీర్ఘం తీసి చదవవచ్చునా?

విభక్తి:

ఆ దీర్ఘంతో అర్థం మారుతుందండీ. "అన్నిటికి" అంటే వచ్చేవాటికి అని మాత్రమే. "అన్నిటికీ" అంటే ఒక్కటి కూడా మినహాయించకుండా అని. అమ్మగారు ఎక్కడ ఊనిక పెట్టి చెప్పేవారో, "అన్ని" మీదనో "కీ" మీదనో, మీ అక్కగారిని మరొకసారి అడిగి చూడగలరా?