ద్వారకానగర్ ట్రేడరుకు డబ్బు ఇచ్చినవారు తమ అనుభవాలు తెలపగలరు

ఉక్కునగరం రిటైర్డ్:
విశాఖ ద్వారకానగర్‌లో కార్యాలయం నడిపిన ఒక షేర్ల ట్రేడరుపై మోసం కేసు నమోదైన సంగతి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. ఆరోపణలు ఇంకా రుజువు కాలేదు కాబట్టి ఆయన పేరు రాయడం లేదు, మీరూ రాయవద్దని మనవి. స్టీల్ ప్లాంటులో పదవీ విరమణ చేసినప్పుడు వచ్చిన గ్రాట్యుటీలోంచి 12 లక్షలు ఆయన సొంత బ్యాంకు ఖాతాకు పంపాను. నెలకు 3 శాతం చొప్పున తొమ్మిది నెలలు ఠంచనుగా వచ్చింది. ఆ నమ్మకంతోనే మా తోడల్లుడి చేత కూడా 4 లక్షలు ఇప్పించాను. ఇప్పుడు వారింటికి వెళ్లాలంటే మొహం చెల్లడం లేదు. నా దగ్గర ఒక ప్రోనోటు, ఒక చెక్కు ఉన్నాయి. మీరు ఏ రూపంలో ఇచ్చారు, చేతిలో ఏ కాగితాలున్నాయి?

అక్కయ్యపాలెం గృహిణి:
నేను ఆయన చేతికి రూపాయి కూడా ఇవ్వలేదు. షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా, కొని అమ్మే ట్రేడింగ్ ఖాతా నా పేరునే ఉన్నాయి, డబ్బు నా బ్యాంకు ఖాతా నుంచే బ్రోకరుకు వెళ్లింది. అయితే ఖాతా తెరిచేటప్పుడు "ఈ మెయిళ్ల గొడవ మీకెందుకమ్మా, నేను చూసుకుంటాను" అని తన మెయిల్, తన ఫోను నంబరు రాయించారు. లావాదేవీ జరిగిన 24 గంటల్లోగా ఖాతాదారుకు అందవలసిన కాంట్రాక్టు నోటు (ఏం కొన్నారో, ఏం అమ్మారో చూపే పత్రం) ఇన్నాళ్లూ ఆయనకే వెళ్లింది. మా అబ్బాయి మెయిల్ మార్పించి పాత నోట్లు తెప్పించగా ఒక్కో రోజున నలభై, యాభై ఆప్షన్ల (ధర పెరుగుతుందో తగ్గుతుందో ఊహించి చేసుకునే పందెం లాంటి ఒప్పందాల) లావాదేవీలు కనిపించాయి. పెట్టిన 7 లక్షల్లో 5 లక్షల 20 వేలు పోతే, అందులో లక్షా 60 వేలు ఉత్త బ్రోకరేజీ, పన్నులే. ఆయన ఆ బ్రోకరుకు ఆథరైజ్డ్ పర్సన్ (ఏజెంటు లాంటివారు) అనీ, ఆ బ్రోకరేజీలో ఆయనకు వాటా ఉందనీ నాకు అప్పుడే తెలిసింది.

మర్రిపాలెం అల్లుడు:
మా అత్తగారు నగదు ఇచ్చారు, రసీదు లేదు. ప్రతి శనివారం ఆయన వాట్సాప్‌లో లాభనష్టాల పట్టిక పంపేవారు. మొన్న వాటిని తీరిగ్గా చూస్తే 2025 ఆగస్టు 27న నిఫ్టీ ఆప్షన్లలో 18,400 రూపాయల లాభం రాసి ఉంది. ఆ రోజు వినాయక చవితి, ఎక్స్ఛేంజీలకు సెలవు. మూతపడిన మార్కెట్లో లాభం ఎలా వచ్చిందో ఆ విఘ్నేశ్వరుడికే తెలియాలి.

ఎంవీపీ కాలనీ:
ఆయనను పదేళ్లుగా ఎరుగుదును. నష్టపోవడం వేరు, మోసగించడం వేరు. షేర్ల మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం, అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం నష్టం లక్షా 80 వేల కోట్లు దాటింది. ఆయనా వారిలో ఒకరు కావచ్చు. డబ్బు వచ్చినన్నాళ్లూ ఎవరూ లెక్క అడగలేదు కదా.

సీతమ్మధార ఆడిటర్:
మార్కెట్లో నష్టం నేరం కాదన్నంత వరకు ఎంవీపీ కాలనీ గారితో ఏకీభవిస్తాను. కానీ సెలవు రోజు లాభాన్ని పట్టికలో రాసింది మార్కెట్ కాదు, మనిషి. కొత్తగా వచ్చిన సొమ్ముతోనే పాతవారికి చెల్లించారా అన్నది ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్లలో పోలీసులకు తేలుతుంది.

మీ దారులు మాత్రం వేరు వేరు. గృహిణి గారి సొమ్ము రిజిస్టరైన బ్రోకరు దగ్గరికే వెళ్లింది కాబట్టి ముందు బ్రోకరుకు, తరువాత సెబీ వారి ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి, దానికి బ్రోకరు 21 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆథరైజ్డ్ పర్సన్ చేసిన పనులకు బ్రోకరే బాధ్యుడు. ఖాతాదారుల షేర్లను దుర్వినియోగం చేసిన బ్రోకరేజీ సంస్థ కార్వీపై 2019 నవంబరులో సెబీ ఉత్తర్వు వెలువడ్డాక, డిసెంబరు మొదటి వారంలోనే 80 వేలకు పైగా ఖాతాదారులకు షేర్లు తిరిగి వచ్చాయి. ఏ షేరు ఎవరిదో రికార్డుల్లో తేల్చగలిగారు కాబట్టే అది సాధ్యమైంది.

ఉక్కునగరం గారికి ఆ వీలు లేదు. హామీ రాబడి కోసం ఒక వ్యక్తి చేతికిచ్చిన సొమ్ముకు ఎక్స్ఛేంజీల ఇన్వెస్టర్ ప్రొటెక్షన్ ఫండ్ (బ్రోకరు చేతులెత్తేస్తే మదుపుదారులకు పరిహారమిచ్చే నిధి) వర్తించదు. పోలీసు ఫిర్యాదులో, డిపాజిటర్ల రక్షణకు మన రాష్ట్రం 1999లో చేసిన చట్టాన్ని కూడా ప్రస్తావించమని అడగండి. ఆస్తుల జప్తుకు అందులో వీలుంది. ప్రోనోటుపై దావాకు మూడేళ్లే గడువు. చెక్కును దానిమీది తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. అది తిరిగివస్తే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో చెల్లించకపోతే, ఆపై నెలలోపు కోర్టుకు వెళ్లాలి. మర్రిపాలెం గారు ఆ పట్టికలను చెరపకుండా, ఫోను మార్చకుండా ఉంచండి.

ఉక్కునగరం రిటైర్డ్:
చెక్కుపై తేదీ లేదు. "అవసరమైనప్పుడు మీరే వేసుకోండి" అని సంతకం చేసి ఇచ్చారు. వేయవచ్చా?

సీతమ్మధార ఆడిటర్:
ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును తీసుకున్నవారు నింపుకున్నా చెల్లుతుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అయినా ముందు న్యాయవాదికి చూపండి. ఆయన ఖాతాను పోలీసులు ఇప్పటికే స్తంభింపజేసి ఉంటే లెక్క మారుతుంది.

అక్కయ్యపాలెం గృహిణి:
మా కాంట్రాక్టు నోట్లలో మొదటిది నిరుడు మే 14 నాటిది. ఏడాది నిండడానికి పదకొండు రోజులే ఉంది. బ్రోకరుకు రాసిన ఉత్తరం మా అబ్బాయి ఇప్పుడే పంపాడు.