ఎండాకాలంలో ఐదు శనివారాలు, ఐదు రకాల సినిమాలు: కర్నూలు కాలనీ జనానికి ఏవి వేయాలి?

నంద్యాల_చెక్‌పోస్ట్ (కర్నూలు)

మే నెలలో శనివారం శనివారం మా కాలనీ పార్కులో ఒక తెలుగు సినిమా వేద్దామని కమిటీ అనుకుంది. టికెట్ లేదు. నూరు, నూటిరవై మంది వస్తారు. ఎనిమిదేండ్ల పిల్లోళ్ళ నుంచి డెబ్బై దాటిన పెద్దోళ్ళ దాకా అందరూ ఉంటారు. వారానికొక రకం: పౌరాణికం, యాక్షన్, హాస్యం, థ్రిల్లర్, ఫాంటసీ.

ఇప్పటికి రాసుకున్నవి: మాయాబజార్, ఒక్కడు, అహ నా పెళ్ళంట, అనుకోకుండా ఒక రోజు, ఈగ. యాక్షన్ దగ్గర మాత్రం మాట కుదరడం లేదు. సగం మంది ఒక్కడు అంటే, సగం మంది సమరసింహారెడ్డి అంటున్నారు. తెర 120 అంగుళాలు, ప్రొజెక్టర్ అద్దెకు తెస్తాం. వానొస్తే పక్కనే రేకుల కప్పు హాలుంది. ఏ వరసలో వేయాలి? ఏది తీసేయాలి? సినిమాలు బాగా తెలిసినోళ్ళు చెప్పండన్నా.

టవర్‌క్లాక్_అనంత

అన్నా, సినిమా కంటే ముందు గడియారం చూసుకోండి. మే నెలలో మన దిక్కు పొద్దు గూకేది ఆరూ నలభైకి. తెర మీద నలుపు నల్లగా కనపడాలంటే ఏడుంబావు కావాలి. రాత్రి పదికి మైకులు ఆపాలనేది చట్టం. మిగిలింది రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. అందులో విశ్రాంతికి పది నిమిషాలు తీసేస్తే చేతిలో ఉండేది 155 నిమిషాలే.

మాయాబజార్ (1957) మూడు గంటల పైన. ఒక రాత్రికి పట్టదు. దాన్ని మాత్రం తీసేయొద్దు, రెండు రాత్రులకు పంచండి. శశిరేఖ, అభిమన్యుల ముచ్చట, మాయాజూదం, రేవతి మాట తప్పడం, సుభద్ర కొడుకును తీసుకుని అడవికి పోవడం, అక్కడ ఘటోత్కచుడు ఎదురుపడి చివరికి వీళ్ళు మనవాళ్ళేనని తెలుసుకోవడం: అక్కడికి ఆపితే కథ సగం తెగినట్టు ఉండదు. ఘటోత్కచుడు ద్వారకకు వచ్చాక ఆట మొత్తం మారిపోతుంది, అది రెండో రాత్రికి. పాండవులు ఒక్కరు కూడా తెర మీద కనపడకుండా భారత కథ నడిపించిన సినిమా ఇది. ఆ సంగతి ముందు చెప్పకుండా, చూశాక పిల్లోళ్ళను అడగండి. చానా మంది గమనించి ఉండరు.

రంగుల ప్రతి (2010) వేయొద్దని నా గట్టి మాట. అందులో కొన్ని పాటలు లేవు. పాత సినిమా చట్రం దాదాపు చదరం, దాన్ని వెడల్పు తెరకు సరిపెట్టారు. 'లాహిరి లాహిరి' పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్లే చూపించిన వెన్నెలంతా నలుపు తెలుపుల మధ్య ఉండే బూడిద ఛాయల్లోనే ఉంది. నీళ్ళ మీద మెరుపు, మొహం మీద సగం నీడ. రంగు వేస్తే ఆ మెరుపు అణిగిపోతుంది. పార్కులో ఒక్క ట్యూబ్‌లైటు వెలుగుతున్నా అంతే, ఆ నీడలన్నీ తెల్లబారిపోతాయి. తెరకు ఎదురుగా ఉండే వీధిలైటు ఆ కాసేపు ఆర్పించండి.

నలుపు తెలుపు ప్రతికి ఇంకో లాభముంది. 1957 సినిమాకు కాపీరైట్ అరవై ఏళ్ళే, అది 2017 ఆఖరుకు తీరింది. పాటలు, మాటలు రాసినవాళ్ళ హక్కులు వేరే ఉంటాయి, వాటిని కనుక్కోండి. మిగతా నాలుగు సినిమాలకు నిర్మాత నుంచో, హక్కులున్న సంస్థ నుంచో రాతపూర్వకంగా అనుమతి తప్పదు. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. ఉచితంగా వేసినా నూరుమంది ముందు వేస్తే అది బహిరంగ ప్రదర్శనే.

ఏడురోడ్లు_కడప

యాక్షన్ గురించి చెప్తా. సమరసింహారెడ్డి (1999) ఆడినన్నాళ్ళు ఆడింది. కానీ ఆ సినిమా తర్వాత వరసపెట్టి వచ్చినవాటిలో సీమ అంటే సుమోలు, వేటకొడవళ్ళు, నాటుబాంబులు, అంతే. చెరువు లేదు, శెనక్కాయ చేను లేదు, బడి లేదు. మన పిల్లోళ్ళను మన ఊళ్ళోనే కూర్చోబెట్టి, మీ తాతలు ఇట్లాంటోళ్ళని చూపించడం నాకు ఇష్టం లేదు.

ఒక్కడు (2003) కూడా ఫ్యాక్షన్ గీత దాటలేదు, విలన్ ఓబుల్‌రెడ్డి (ప్రకాశ్‌రాజ్) ఆ అచ్చులో పోసిన మనిషే. కానీ గుణశేఖర్ కథను కబడ్డీ మీద, ఊరి వీధుల మీద నిలబెట్టినాడు. హీరో తొడగొట్టి వంశం పేరు చెప్పే మనిషి కాదు. ఆట కోసం కర్నూలు వచ్చి, కొండారెడ్డి బురుజు దగ్గర ఓబుల్‌రెడ్డి చేతికి చిక్కిన అమ్మాయిని చూసి, వెనకా ముందూ ఆలోచించకుండా అతని మీద చెయ్యి ఎత్తుతాడు. రోజూ ఆ బురుజు ముందే ఆటో ఎక్కే జనానికి ఆ సీను వేరే ఊళ్ళో కంటే రెండింతలు పండుతుంది. ప్రకాశ్‌రాజ్ మొండితనంలో పిల్లతనం కలిపి ఆడినాడు, కాబట్టే భయమూ నవ్వూ రెండూ వస్తాయి. రెండు గంటల నలభై నిమిషాలు దాటుతుంది, పైన చెప్పిన లెక్కకు సరిపోదు. పాటలు ఎగరగొట్టొద్దు. దాన్ని ఒక్కదాన్నే హాల్లో ఆరింటికి మొదలుపెట్టండి.

లేదంటే మర్యాద రామన్న (2010) వేయండి. నా ఓటు దానికే. బస్టర్ కీటన్ 1923 నాటి మూకీ 'అవర్ హాస్పిటాలిటీ' ఆధారంగా తీసింది. గడప లోపల అతిథి నెత్తురు పడకూడదు, గడప దాటితే చంపొచ్చు: ఆ ఒక్క నియమం మీద సినిమా మొత్తం నడుస్తుంది. పగవాళ్ళ ఇంట్లో అతిథిగా చిక్కుకున్న సునీల్ కాలు బయట పెట్టబోయిన ప్రతిసారీ జనం ఊపిరి బిగబడతారు. అతిథి మర్యాదలు మనకు ఎంత పట్టింపో అదే కథకు ప్రాణం. పగ ఎంత అర్థం లేనిదో నవ్విస్తూనే చూపిస్తుంది. యాక్షన్, హాస్యం రెండూ దీంట్లోనే తీరిపోతాయి, ఒక వారం మిగులుతుంది. ఆ మిగిలిన వారమే మాయాబజార్ రెండో రాత్రి.

తాడిపత్రి_రీలు

మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి మా తాడిపత్రిలో పుట్టినాయన. దాన్ని నిర్మించిన విజయా సంస్థ నాగిరెడ్డి, మల్లీశ్వరి తీసిన బి.ఎన్.రెడ్డి అన్నదమ్ములది పులివెందుల దిక్కు. సినిమాకు ముందు ఈ రెండు ముక్కలు మైకులో చెప్పండి. సీమ సినిమా అంటే ఏది అనే వాదన అక్కడే తేలుతుంది.

అహ నా పెళ్ళంట (1987) విషయంలో ఏడురోడ్లు అన్నతో ఒప్పుకోను. మర్యాద రామన్న ఉందని దీన్ని తీసేయొద్దు. జంధ్యాల హాస్యమంతా మాటలో ఉంది. కోట శ్రీనివాసరావు లక్ష్మీపతి, కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ ఒట్టన్నం తింటాడు. ఆ బొమ్మకు పిల్లోళ్ళు నవ్వుతారు. కానీ అసలు నవ్వు బ్రహ్మానందం గొణుగుడులో ఉంది, అది చెవిన పడాలి. దీన్ని పొరపాటున కూడా రేకుల హాల్లో వేయొద్దు. రేకుకు తగిలి మాట తిరిగొస్తుంది, ఒక జోకు మీద ఇంకో జోకు పడి ఏదీ అర్థం కాదు. ఆరుబయటే దీనికి సరైన చోటు. స్పీకర్లు తెరకు రెండు పక్కలా, కూర్చున్నవాళ్ళ తలకంటే కొంచెం ఎత్తులో పెట్టి, బాస్ తగ్గించండి.

ఈగ (2012)కు మాత్రం బాస్ కావాలి, కుడి ఎడమలు వేరువేరుగా రావాలి. హీరో మొదటి సగంలోనే చనిపోయి, మాట రాని పురుగై తిరిగొస్తాడు. ఇంకక్కడి నుంచి ఆ పాత్రను మోసేది రొద ఒక్కటే. అది ఒక చెవి నుంచి ఇంకో చెవికి పోతుంటే ఈగ ఎక్కడుందో తెలుస్తుంది. స్పీకర్లు అద్దెకిచ్చేవాళ్ళు చానాసార్లు రెండు ఛానెళ్ళను కలిపి ఒకే తీగలో ఇస్తారు, అప్పుడు ఆ కదలిక చచ్చిపోతుంది. బ్లూటూత్ వద్దు. మాట పెదవి కంటే వెనకబడుతుంది. మిక్సర్‌కు తీగే వేయండి.

ప్రొజెక్టర్ డబ్బా మీద తొమ్మిది వేల ల్యూమెన్లు (వెలుగు కొలత) అని రాసుంటే నమ్మొద్దు, ఏఎన్ఎస్ఐ అనే ప్రామాణిక లెక్కలో ఎంతో అడగండి. మూడు వేలుంటే చాలు. 120 అంగుళాల తెర వెడల్పు ఎనిమిదిన్నర అడుగుల పైన వస్తుంది. మామూలు లెన్సుకు ప్రొజెక్టర్‌ను పదమూడు అడుగుల దూరంలో పెట్టాలి. కారు అద్దం మీద ఈగ రాసే అక్షరాలు ఆఖరి వరసకు కనపడుతున్నాయా, ముందు రోజు రాత్రి ఆ ఒక్క సీను వేసి చూసుకోండి. తెరకు కింది అంచున కూడా తాడు కట్టండి. మేలో సాయంత్రం ఈదురుగాలి లేస్తే గుడ్డ ఊగి బొమ్మంతా అలలు కొడుతుంది.

నంద్యాల_చెక్‌పోస్ట్ (కర్నూలు)

చానా థ్యాంక్స్ అన్నా అందరికీ. అట్లయితే మొదటి రెండు వారాలు మాయాబజార్, తర్వాత మర్యాద రామన్న, అహ నా పెళ్ళంట, ఆఖర్న ఈగ. ఒక్కడు హాల్లో వేరే ఆదివారం పెడతాం. థ్రిల్లర్‌కు చోటు లేకుండా పోయింది. దాన్ని ఇంకెక్కడన్నా ఇరికించొచ్చా?

టవర్‌క్లాక్_అనంత

ఇరికించొద్దన్నా. అనుకోకుండా ఒక రోజు (2005)లో చంద్రశేఖర్ యేలేటి ముడులన్నీ మొదట్లోనే వేస్తాడు. ఆ అమ్మాయి జీవితంలో ఒక రోజు గల్లంతవుతుంది, ఆ రోజుకు ముందేం జరిగిందో చూడనివాళ్ళకు తర్వాతదంతా అయోమయమే. పార్కులో జనం అర్ధగంట దాకా వస్తూనే ఉంటారు. మత్తుమందు, వెంటాడి చంపబోవడం ఉన్నాయి, చిన్నపిల్లోళ్ళకు తగదు. జూన్లో బళ్ళు తెరిచాక పెద్దోళ్ళకు మాత్రమే, హాల్లో, ఏడింటికి తలుపేసి వేయండి.

ఏడురోడ్లు_కడప

ఈగ ఆఖరి వారానికి పెట్టుకున్నారు కాబట్టి ఒక మాట. మే చివర్లో గాలివాన ఎక్కువ. హాలుకు మారాల్సొస్తే రేకు కింద ఆ బాస్‌కు కప్పు దడదడలాడుతుంది. కప్పు కింద అడ్డంగా పాత జంపఖానాలు వేలాడదీయండి, సగం తగ్గుతుంది.